మాస్కు పైన కనుబొమ్మ

పోయిన వారం ప్రేమ్‌కుమార్‌ని గుమ్మం బయట నిలబెట్టి మన దారిన మనం వెళ్ళిపోయాం. పాపం, ఇంకా అక్కడే ఉన్నాడు. లోపలికి రాలేడు. చోడవరం మెయిన్ రోడ్డులోని ఝాన్సీ బ్యూటీ పార్లర్ గుమ్మానికి "లేడీస్ ఓన్లీ, మగవారికి ప్రవేశం లేదు" అని బోర్డు వేలాడుతోంది. దాన్ని రాయించిన రోజున ఝాన్సీ మొగుడే "నాక్కూడానా?" అని అలిగి రెండు పూటలు అన్నం మానేశాడు. ఆ రేకు ముక్కకి ఇంత బలం ఉందని రాయించిన ఝాన్సీకీ తెలీదు, రాసిన పెయింటరుకీ తెలీదు.

మరిచిపోయిన వాళ్ళకీ, మధ్యలో ఎక్కిన వాళ్ళకీ ఒక్క గుక్కలో చెప్పేస్తాను. ప్రేమ్‌కుమార్ ప్లేస్‌మెంట్ ఏజెంటు. బెంగుళూరు మాల్‌లో ఉద్యోగమని ఊళ్ళలో ఆడపిల్లల్ని పోగుచేసి తీసుకుపోతాడు. ఉద్యోగమని బయల్దేరదీసి ఉరియోగం చూపించే రకం. అతని వెంట ఉండే పెద్దమనిషి పేరు అశ్విని మేడమ్. ఆ పేరులో ఒత్తు చాటున శని దాక్కుంది. వడ్డాది పక్క పల్లెలోంచి పైడితల్లి అనే పదహారేళ్ళ పిల్లని తీసుకొచ్చి, అనకాపల్లిలో రైలెక్కించే ముందు కాస్త ముస్తాబు చేయిద్దామని ఈ పార్లర్‌లో దిగారు.

జీతం ఎంతమ్మా అని ఝాన్సీ అడిగితే పిల్ల మేడమ్ మొహం చూసింది. వయసెంత అంటే మేడమ్ మొహం చూసింది. నీ ఆధార్ కార్డేదీ అంటే మేడమ్ హ్యాండ్‌బ్యాగ్ చూసింది. ఝాన్సీ వెనకగదిలోకి వెళ్ళి పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ కొట్టింది. "పోలీసుల్ని తీసుకుని బయల్దేరుతున్నాం. మేం వచ్చేదాకా వాళ్ళని కదలనివ్వకండి, గొడవ మాత్రం పెట్టుకోకండి" అన్నారు అవతలివాళ్ళు. గొడవ లేకుండా మనిషిని కదలకుండా కూర్చోబెట్టే విద్య లోకంలో రెండే చోట్ల ఉంది. ఒకటి పళ్ళ డాక్టరు దగ్గర. రెండోది బ్యూటీ పార్లర్‌లో.

"మేడమ్, ఇయ్యాల ఆఫరండీ! పిల్లకి హెయిర్ కట్టు చేయిస్తే, వెంట వచ్చినవాళ్ళకి గోల్డ్ ఫేషియల్ ఫ్రీ!"

ఎదటివాళ్ళ పిల్లల్ని అమ్ముకు తినే మనిషికి కూడా ఉచితమంటే ఉబలాటమే. అశ్విని మేడమ్ కుర్చీలో వెనక్కి వాలింది. మనం అక్కడే ఆపాం.

ఝాన్సీ పార్లర్ అంటే మా ఊరి ఆడవాళ్ళ పార్లమెంటు. చెరుకు బకాయిల దగ్గర్నించి కోడలి బడాయిల దాకా అక్కడ చర్చకు రాని అంశం లేదు. ఇవాళ మాత్రం సభ సైలెంటు. తలకి గోరింటాకు పెట్టించుకుని మూలన కూర్చున్న రిటైర్డ్ లెక్కల టీచరు కమలాంబ గారు కూడా నోరెత్తడం లేదు. సంగతి ఆవిడ చెవిలో వేసేసింది ఝాన్సీ.

చెవిలో వెయ్యాల్సిన అవసరం లేని మనిషి ఒకతె ఉంది. కనుబొమ్మలు తీర్చే దేముడమ్మ.

దేముడమ్మ పుట్టు బ్యూటీషియన్ కాదు. చెరుకు కొట్టిన చేతులవి. ఆ చేతుల్లోకి కత్తి పోయి దారం ఎలా వచ్చిందో చెప్పాలంటే కరోనా రెండో దెబ్బ రోజుల్లోకి వెళ్ళాలి. ఆ ఎండాకాలం వాళ్ళ గుమ్మంలోకి ఒకావిడ వచ్చింది. పేరు శ్రీదుర్గ అంది. ఆస్పత్రిలో హెల్పర్ ఉద్యోగాలు ఉన్నాయి, పిల్లని పంపు అంది. ఎండనపడి వచ్చిందని దేముడమ్మ మంచినీళ్ళిస్తే, "మాస్కు తియ్యకూడదమ్మా, కరోనా కదా" అని ఎంతో మర్యాదగా గ్లాసు వెనక్కిచ్చింది. ఎంత శుభ్రమైన మనిషో అనుకుంది దేముడమ్మ. పదిహేడేళ్ళ రోజాని తల దువ్వి, జడ వేసి, ఆవిడ వెంట పంపింది. పిల్ల బొద్దుగా ఉండేది. తల్లి ముద్దుగా బెల్లందిమ్మా అని పిలిచేది. వెళ్ళేటప్పుడు ఏడిస్తే, "ఏడవకే నా బెల్లందిమ్మా, ఎల్లిరా" అంది.

వెళ్ళింది. రాలేదు.

స్టేషన్‌కి వెళ్తే, "మనిషి ఎలా ఉంటుంది?" అని అడిగారు. దేముడమ్మ "మాస్కు ఏసుకుందండి" అంది. "మేమూ వేసుకున్నాం. అదీ ఒక గుర్తేనా?" అన్నారు. తప్పు వాళ్ళది కాదు. ఆ ఏడాది దొరా దొంగా ఒక్కలాగే ఉన్నారు. దేశం మొత్తానికి మొహం సగమే. దేముడమ్మకి గుర్తున్నది ఆ పై సగమే. రెండు కళ్ళు, రెండు కనుబొమ్మలు. ఎడమ కనుబొమ్మని మధ్యలో చీల్చుకుంటూ పోయిన ఒక పాత గాటు. చెరుకుతోటని రెండుగా చీల్చే కాలిబాట లాంటిది.

ఆ తరవాత ఝాన్సీ దగ్గరికి వచ్చి, "నాకు బొమ్మలు తియ్యడం నేర్పు" అంది. పొట్టకూటికేమో అనుకుంది ఝాన్సీ. నాలుగేళ్ళుగా ఆ కుర్చీలో వాలిన ప్రతి ఆడదాని నుదుటి మీదా దేముడమ్మ వంగింది. జనానికి మొహాలు గుర్తుంటాయి. ఆమెకి బొమ్మలు గుర్తుంటాయి. సంతలో ఎవరైనా పలకరిస్తే కళ్ళపైకి చూసి, "ఓలమ్మా, కుడి బొమ్మ తోక పలచగుండే సత్యారావుగారి కోడలివి కాదేటి?" అంటుంది. అందరూ నవ్వుతారు. ఎందుకు చూస్తోందో ఎవరూ అడగలేదు. ఆమె చెప్పలేదు.

అశ్విని మేడమ్ గుమ్మంలో అడుగుపెట్టినప్పుడు దేముడమ్మ గుర్తుపట్టలేదు. ఎలా పడుతుంది? కాటుక పెన్సిలుతో దిద్దిన నల్లటి కనుబొమ్మలు, ఎర్రటి పెదాలు, వాటి మీద నవ్వు. ఆమె ఎన్నడూ చూడని కింది సగమే అంతా మాట్లాడుతోంది.

ఝాన్సీ పాలలాంటి క్లెన్సింగ్ మిల్కు దూదితో అద్ది మేడమ్ మొహం తుడిచింది. పెన్సిలు నలుపంతా దూదికొచ్చింది. తరవాత గిన్నెలో ప్యాక్ కలిపి గడ్డం నుంచి మొదలుపెట్టింది. గడ్డం, పెదాల చుట్టూ, బుగ్గలు, ముక్కు. తెల్లగా, మందంగా, మెల్లగా. ముక్కు మీదికి వచ్చేసరికి గిన్నె ఖాళీ. కాలయాపనకి అంతకన్నా మంచి సాకు ఏముంది?

"ఇంకొంచెం కలుపుకొస్తాను మేడమ్, కదలకండి" అని వెనకగదిలోకి వెళ్ళింది.

పక్క కుర్చీలో పైడితల్లి తల దువ్వుతున్న దేముడమ్మ యథాలాపంగా ఇటు చూసింది.

కుర్చీలో ముక్కు దాకా తెల్లటి మాస్కు వేసుకున్న మనిషి. పైన రెండు కళ్ళు. రెండు కనుబొమ్మలు. ఎడమ బొమ్మలో కాలిబాట.

దువ్వెన కింద పడింది.

వెనకగదిలో ఝాన్సీ ప్యాక్ కలుపుతుంటే దేముడమ్మ వచ్చి బ్లీచు డబ్బా అందుకుంది. చెయ్యి వణకడం లేదు. అది చూసే భయం వేసింది ఝాన్సీకి.

"ఇది మొకాన రాసీసి కడక్కుండా ఒగ్గీస్తే ఏటవుద్ది?"

"తోలు కాలిపోద్ది. ఏటి పిన్నీ?"

"అదేనే. మాస్కుది. నా గుంటని, నా రోజాని అట్టుకుపోయినాది అదేనే."

ఝాన్సీ డబ్బా పట్టుకుంది. దేముడమ్మ వదల్లేదు. బ్లీచు డబ్బా కోసం ఇద్దరాడవాళ్ళు చప్పుడు చెయ్యకుండా పెనుగులాడారు. పగబట్టిన మనిషి పట్టు అది.

"పిన్నీ, నా మాటిను. నీకు దాని తోలు కావాలా, రోజా జాడ కావాలా?"

"రెండూ కావాల."

"జాడ దాని నోట్లో ఉంది. నోరు కాల్చీసేవనుకో, పోలీసులు నిన్నే అట్టుకెళ్తారు. అది ఆస్పత్రి మంచం మీద ఏసీలో పడుకుంటాది."

దేముడమ్మ వేళ్ళు ఒక్కొక్కటే వదిలాయి.

"సరే. తోలు ఒగ్గీసేను. బొమ్మ మట్టుకు ఒగ్గను."

కొంగు బిగించి, దారపుండ తీసుకుని బయటికి నడిచింది.

లోకంలో ఏ పార్లర్‌లోనైనా ముందు కనుబొమ్మలు, తరవాత ఫేషియల్. ఇవాళ తిరగేశారు. మేడమ్ కళ్ళ మీద రెండు కీరా ముక్కలు పెట్టి, "థ్రెడింగు కూడా ఫ్రీయేనండి. ప్యాక్ ఆరేదాకా మాటాడకూడదు. మాటాడేరంటే ముడతలు పడిపోతాయి" అని హెచ్చరించింది ఝాన్సీ. మేడమ్ బుద్ధిగా గొణిగింది. ముడతలంటే ఆవిడకి పోలీసులకన్నా భయం.

దేముడమ్మ దారం కొసని పళ్ళ మధ్య బిగించింది. రెండో కొస ఒక చేతికి, మెలిక రెండో చేతికి. ఇన్నాళ్ళూ ఆమె దగ్గర దారం ఉంది, ఆధారం లేదు. ఇప్పుడు ఆధారం వచ్చి దారం కింద పడుకుంది.

సర్రుమంది దారం.

"పైడితల్లీ, నీకో కత సెప్తాను, ఇంటావేటే?"

"సెప్పు పెద్దమ్మా."

పళ్ళలో దారం ఉంది కనక మాట లాగుకీ లాగుకీ మధ్యనే వచ్చింది. ఒక లాగు, ఒక మాట.

"మా ఊర్లో ఒక గుంటుండీది." సర్రు. "నీ ఈడుదే." సర్రు. "ఒకావిడొచ్చింది. ఆస్పత్రిలో ఉద్యోగమంది." సర్రు. "ఆధార్ కార్డు నా దగ్గరుంటాదిలే, పోగొట్టీసుకుంటావు అంది. ఫోను నాకిచ్చీ, కొత్తది కొంటాను అంది. ఎవరైనా అడిగితే పద్దెనిమిది నిండినాయని సెప్పమంది."

పైడితల్లి దేముడమ్మ వైపు తిరిగింది. "నాకూ అలగే సెప్పింది" అంది నెమ్మదిగా.

"అవునేటి? ఓలమ్మా, సిత్రమే!" సర్రు. సర్రు.

కీరా ముక్కల కింద మేడమ్ కనుగుడ్లు అటూ ఇటూ కదిలాయి. చేతివేళ్ళు కుర్చీ చెయ్యిని పట్టుకున్నాయి. లేవాలా? లేస్తే ప్యాక్ పగులుతుంది. ఇదేదో పిచ్చి ముసలమ్మ సోది అయితే ఫ్రీ ఫేషియల్ పాడవుతుంది. లేవలేదు. అత్యాశ ఆవిడని అంత గట్టిగా కట్టిపడేసింది. తాడు కూడా అక్కర్లేకపోయింది.

బయట్నించి ప్రేమ్‌కుమార్ గొంతు.

"ఎంతసేపయ్యా మీవాళ్ళ సోకులు? ఒరే దాసూ, ఆటో స్టార్ట్ చెయ్యి, రైలు పోతాది!"

"రైలు పట్టాల మీదే కదా బాబూ పోతాది, సేలల్లోకి పోదు కదా!" వాళ్ళని తెచ్చిన ఆటో దాసు గొంతు. ఝాన్సీ అతనికెప్పుడో కన్ను గీటింది. దాసు సీటు పీకి, ప్లగ్గు విప్పి, ఆటో పేగులన్నీ రోడ్డు మీద ఆరబోశాడు. "ప్లగ్గు అలిగింది బాబూ. బతిమాల్తన్నాను."

"ఇంకో ఆటో పిలు!"

"అలగెలగ బాబూ? మీరు నా బేరం. మా స్టాండులో ఒకరి బేరం ఇంకొకరు ఎత్తరు. పిలిసి సూడండి, వస్తాడేమో!"

ప్రేమ్‌కుమార్ పిలిచాడు. స్టాండులో ఉన్న డ్రైవర్లందరికీ ఆ క్షణంలోనే టీ తాగాలని బుద్ధి పుట్టింది.

లోపల దేముడమ్మ కథ చివరికొచ్చింది.

"ఆవిడ మొకం నాను సూళ్ళేదే పైడీ. మాస్కుండీది. పేరు శ్రీదుర్గంది. ఇప్పుడు అశ్విని అంటంది."

కీరా ముక్కలు ఎగిరిపడ్డాయి. మేడమ్ లేచి కూర్చుంది. ఎదురుగా నిలువెత్తు అద్దం.

అద్దంలో తెల్లటి సున్నం గోడలాంటి మొహం. దాని పైన కుడి కనుబొమ్మ ఉంది. ఎడమది లేదు. వెంట్రుక లేకుండా, వాన పడని మడిలాగా ఉంది. మధ్యలో గాటు ఒక్కటే తెల్లగా మెరుస్తోంది.

ఆవిడ అరిచిన అరుపుకి ప్యాక్ నోటి దగ్గర్నించి చెవి దాకా బీటలు వారింది. బంగారపు ఫేషియల్ కాస్తా భంగపాటు ఫేషియల్ అయింది.

"నా బొమ్మ! ఏం చేశావే ముసలిదానా? నా బొమ్మేదీ?"

"నా బొమ్మేదీ?" అంది దేముడమ్మ. "నాలుగేళ్ళ కిందట అట్టుకెళ్ళేవు. సెప్పు. నా బొమ్మేదీ?"

దారం ఇంకా వేళ్ళ మధ్యే ఉంది. గొంతు పెంచలేదు. సంతలో బేరం అడిగినంత నింపాదిగా అడిగింది.

"ఎవరే నీ బొమ్మ? నాకు తెలీదు."

"రోజా."

"ఏ రోజా? రోజుకో రోజాని చూస్తాను నేను!"

అనేసి నాలిక్కరుచుకుంది. కుర్చీ దిగి గుమ్మం వైపు అడుగేసింది, అప్పటికే ఆలస్యమైంది. మూలనుంచి కమలాంబ టీచరు లేచారు. తలనిండా గోరింటాకు, దాని మీద ప్లాస్టిక్ కవరు, చేతిలో గొడుగు. వెళ్ళి గుమ్మానికి అడ్డంగా గొడుగు పెట్టి నిలబడ్డారు.

"కూర్చో" అన్నారు. బళ్ళో ముప్పై ఏళ్ళు బెంచీ ఎక్కించిన గొంతు. మేడమ్ తనకి తెలియకుండానే మళ్ళీ కుర్చీలో కూలబడింది.

"ప్రేమ్! ఒరే ప్రేమ్! లోపటికి రారా!" బెంగుళూరు నాజూకంతా ప్యాక్‌తోపాటు రాలిపోయి, ఆవిడ అసలు యాస బయటపడింది.

"లేడీస్ ఓన్లీ అని రాసుందే!" అన్నాడు ప్రేమ్‌కుమార్ బయట్నించి. ఒక కాలు గుమ్మం మీద పెట్టాడు కూడా. కమలాంబ గారి గొడుగు మొన అతని పొట్ట దగ్గరే ఆగింది. వెనక నుంచి దాసు భుజమ్మీద చెయ్యి వేశాడు. స్టాండులో టీ తాగుతున్న వాళ్ళంతా గ్లాసులు దింపి నెమ్మదిగా ఇటు నడిచి వస్తున్నారు.

"ఎక్కడికి బాబూ తొందర? ప్లగ్గు అలక తీరింది. నీదే తీరాల."

మేడమ్ మొహం తుడుచుకోబోయింది. దేముడమ్మ చెయ్యి పట్టి ఆపింది.

"తుడుసుకో. మాస్కేసుకో. ముసుగేసుకో. నీ బొమ్మ మళ్ళీ మొలుస్తాదిలే, ఎంటికలే కదా. కాని మొలిసేదాకా ఏ ఊరెళ్ళినా, ఏ గుమ్మం ఎక్కినా, మొకం సగం దాసుకున్నా సరే, నువ్వెవరివో సిన్నపిల్ల కూడా సెప్తాది. ఆయేల నాకు సగం మొకమే సూపించేవు. ఆ సగంలోనే ముద్రేసేను."

పైడితల్లి ఒక్కసారి లేచి, మేడమ్ పక్కనున్న హ్యాండ్‌బ్యాగ్ లాక్కుంది.

"ఒసే, ముట్టుకోకు!"

"నా కార్డు నాకియ్యి" అంది పైడితల్లి. ఆ పిల్ల గొంతు ఆ పార్లర్‌లో గట్టిగా వినబడ్డం అదే మొదలు. "నాకు పదారేళ్ళు. ఎవరడిగినా అదే సెప్తాను."

బ్యాగ్ బోర్లించింది. లిప్‌స్టిక్, దువ్వెన, రైలు టికెట్లు, తన ఆధార్ కార్డు. వాటి మధ్య ఒక ఫోను, నేలమీద వణుకుతూ మోగుతోంది. తెర మీద "హాస్టల్" అని పడుతోంది.

మేడమ్ ఆ ఫోనుకేసి చూసి, చిత్రంగా, కదలడం మానేసింది.

ఝాన్సీ దాన్ని తీసి, స్పీకర్ నొక్కి, దేముడమ్మ చేతిలో పెట్టింది. మాట్లాడొద్దని సైగ చేసింది.

"అక్కా, రైలెక్కేరా?" ఒక ఆడగొంతు. అలసిపోయి, అరిగిపోయి, పని మీద ఉన్న గొంతు. "ఇక్కడ మంచం సిద్ధం సేసేను. కొత్త గుంట ఏడుస్తందేటి? కొట్టీకు అక్కా. కొడితే ఇంకా ఏడుస్తాది. నాకు అప్పగించు, నాను సూసుకుంటాను. ఏడవకే నా బెల్లందిమ్మా అను, ఊరుకుంటాది. మా అమ్మ నన్ను అలగే అనీది."

దేముడమ్మ వేళ్ళ మధ్యనుంచి దారం జారిపోయింది.

ఫోనుని రెండు చేతులా పట్టుకుంది.

మేడమ్ నవ్వింది. బీటలు వారిన తెల్లటి మొహంలో ఎర్రటి నోరొకటే కదిలింది.

"మాటాడు మరి. మీ రోజాయే." గొంతు తగ్గించింది. "మొదటి ఏడాది అదీ ఏడ్చింది. ఇప్పుడు వచ్చిన గుంటలకి తలుపు తీసేదీ అదే, తాళం ఏసేదీ అదే. ఆ ఫోన్లో ఉన్నాయిలే, దాని మాటలన్నీ. పోలీసులకివ్వు. నా బొమ్మ తీసేవు కదా, నీ బొమ్మకి నీ చేత్తోనే బేడీలు ఎయ్యి."

"అలగేటీ అవదు పిన్నీ," ఝాన్సీ తల అడ్డంగా ఊపింది, "అది కూడా వీళ్ళు అట్టుకెళ్ళిన పిల్లే కదా, వాళ్ళకి అర్థమవుద్ది..." అని, ఆ మాట మీద తనకే ఎంత నమ్మకముందో తెలియక ఆగిపోయింది.

రోడ్డు మీద జీపు ఆగిన చప్పుడు. జనం పక్కకి తప్పుకున్న అలజడి. "నాకేం సంబంధం లేదు సార్, నేను రోడ్డు మీదే ఉన్నాను" అంటున్న ప్రేమ్‌కుమార్. కమలాంబ టీచరు గొడుగు దించారు. ఇద్దరు ఆడ కానిస్టేబుళ్ళు, వాళ్ళ ముందు 1098లో ఝాన్సీతో మాట్లాడిన ఆఫీసరమ్మ లోపలికి వచ్చారు. ఆవిడ కళ్ళు పైడితల్లిని, సగం బొమ్మ మనిషిని, బోర్లించిన బ్యాగ్‌ని చూసి, చివరికి దేముడమ్మ చేతి దగ్గర ఆగాయి.

"ఆ ఫోను వీళ్ళదేనా అమ్మా? ఇటివ్వండి."

చెయ్యి చాచింది.

"అక్కా?" అంటోంది ఫోను. "అక్కా, ఉన్నావేటి? మాటాడవేటి?"

దేముడమ్మ ఫోనుని గుండెల దగ్గరికి దించుకుంది. ఒక పక్క ఆఫీసరమ్మ చాచిన చెయ్యి. ఒక పక్క, కాల్ కోసేసి రోజాని దాచేసే ఎర్రటి మీట మీద ఆనిన తన బొటనవేలు.